పంది సంవత్సరంలో తొలి పాదం

కొత్త సంవత్సరపు తేత్ పండగ మొదటి రోజు పొద్దున పిలవని ఇంటికి ఎవరూ వెళ్ళరు. లాక్ వన్ ఊళ్ళో పాలు తాగే పిల్లలకి తప్ప అందరికీ తెలిసిన సంగతే. ఆ పొద్దున గడప దాటి ఇంట్లో మొదట పాదం మోపిన మనిషి ఎలాంటివాడైతే, ఆ ఇంటికి ఏడాదంతా అలాగే సాగుతుంది. అందుకని ప్రతి ఇంటివాళ్ళూ ముందుగానే ఒక మనిషిని చూసి పెట్టుకుంటారు. పిల్లాపాపలతో చల్లగా ఉన్నవాడు, నవ్వు మొహం వాడు, ఇంటి యజమాని పుట్టిన సంవత్సరంతో తన సంవత్సరం పొసగేవాడు. అక్కడ ఏళ్ళకి పాము, పంది, పిల్లి అని జంతువుల పేర్లు. ఆ మనిషి వచ్చి, కూర్చుని, టీ తాగి, చక్కెర పట్టించిన అల్లం ముక్క నోట్లో వేసుకుని, నవ్వుతూ బయటికి నడవాలి. ఆ తర్వాతే మిగతా చుట్టపక్కాలు రావడం.

థుయెన్‌కీ ఇదంతా తెలుసు. తెలిసి చేశాడా అంటే చెయ్యలేదు. ముందు బంతి వెళ్ళింది. బంతి వెనకాల అతను వెళ్ళాడు. అంతే జరిగింది.

థుయెన్ లాక్ వన్ ఫుట్‌బాల్ జట్టులో ఫార్వర్డ్, ముందుండి గోలు కొట్టేవాడు. పండగ గానీ తుఫాను గానీ, పొద్దున్నే సముద్రపు కట్ట మీద పరుగెత్తడం అతనికి అలవాటు. ఉత్త పరుగు కాదు. కాళ్ళ దగ్గర బంతి పెట్టుకుని, దాన్ని తోసుకుంటూ, కట్ట ఈ చివర నుంచి ఆ చివరకి. ఆ పొద్దున మంచులాంటి సన్న జల్లు పడుతోంది. కట్ట దిగి వీధిలోకి మళ్ళే చోట రాళ్ళు నాచు పట్టి ఉన్నాయి. అక్కడ బంతి జారింది. జారి, ఒక గేటు తెరిచి ఉంటే అందులోకి దూరింది.

అది ఛైర్మన్ క్వియెన్ గారి గేటు. జట్టు ఆయనది, చేపల్ని జాడీల్లో ఉప్పేసి మాగబెట్టి రసం తీసే ఫ్యాక్టరీ ఆయనది, ఊళ్ళో సగం మందికి పని పెట్టింది ఆయన. గేటు ఎందుకు తెరిచి ఉందంటే, ఆయన ఏరికోరి పిలిచిన తొలి పాదం మనిషి ఇంకా రాలేదు. రిటైరైన హెడ్‌మాస్టరు గారు. ఆయన స్కూటరుకి దారిలో పంక్చరు పడింది.

బంతి వాకిట్లో పూలకుండీకి తగిలి, మెట్టు ఎక్కి, గడప దాటి, ముందు గదిలో చనిపోయిన పెద్దలకి పూజ చేసే పీఠం కిందకి పోయింది. థుయెన్ గడప దాటాడు. వంగి, పీఠం కింద చెయ్యి పెట్టి, బంతి అందుకుని లేచాడు. అప్పుడు గానీ తల ఎత్తి చూడలేదు.

ఎదురుగా క్వియెన్ గారు. ఎర్ర పట్టు అంగీ వేసుకుని బొమ్మలా నిలబడి ఉన్నాడు. పక్కన ఆయన భార్య థొవా, చేతిలో టీ కెటిల్. బల్ల మీద కప్పులు, పళ్ళెంలో చక్కెర అల్లం. థుయెన్ ఏమో బురద కాళ్ళతో, చిరిగిన బనీనుతో ఉన్నాడు. చెమటా వానా కళ్ళలో పడకుండా తలకి తెల్ల తువ్వాలు కట్టుకున్నాడు. వాళ్ళలో తలకి తెల్లగుడ్డ కట్టుకునేది ఇంట్లో మనిషి పోయినప్పుడే.

"కొత్త సంవత్సరం శుభాకాంక్షలు బాబాయ్ గారూ" అన్నాడు, ఇంకేం అనాలో తోచక.

"నువ్వు పుట్టింది పాము సంవత్సరం కదరా" అన్నాడు క్వియెన్ గారు. గొంతు చాలా చిన్నగా ఉంది.

"అవునండీ."

క్వియెన్ గారు పుట్టింది పంది సంవత్సరం. పాముకీ పందికీ బొత్తిగా పడదు. దానికి తోడు ఆ వచ్చింది కూడా పంది సంవత్సరమే. ఆయనకి అరవై నిండుతున్నాయి. పుట్టిన సంవత్సరం అరవై ఏళ్ళకి తిరిగొచ్చినప్పుడు మనిషి గుడ్ల మీద నడిచినట్టు నడవాలని పెద్దలు చెప్తారు. ఆయన అలాగే నడుద్దామనుకున్నాడు.

"బయటికి నడు" అన్నాడు.

"బంతి కోసం..."

"బంతి తీసుకునే నడు."

థుయెన్ తువ్వాలు విప్పి చంకలో పెట్టుకుని బయటికి వచ్చేశాడు. గేటు దగ్గర హెడ్‌మాస్టరు గారు స్కూటరు తోసుకుంటూ ఎదురొచ్చాడు. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. హెడ్‌మాస్టరు గారు సంగతి గ్రహించి అక్కణ్ణుంచే స్కూటరు వెనక్కి తిప్పాడు.

థుయెన్ అంటే ఆ ఊళ్ళో అల్లాటప్పా మనిషి కాదు. ఊరి చివర ఉప్పు మళ్ళలో ఆట నేర్చుకున్నాడు. ఉప్పు ఎత్తేశాక ఎండిన మడి సిమెంటులా ఉంటుంది. పడితే మోకాలు దోక్కుపోతుంది, దోక్కుపోయిన చోట ఉప్పు తగిలి ప్రాణం పైకొస్తుంది. జట్టు చిన్న లీగ్‌లో ఈడుస్తూ ఉన్న రోజుల్లో, కుండపోత వానలో, ఆఖరి ఆటలో అతను తలతో కొట్టిన గోలుతోనే పెద్ద లీగ్‌లోకి ఎక్కింది. ఆ రోజు క్వియెన్ గారు సూటూ బూటూతో బురదలోకి పరుగెత్తుకొచ్చి అతన్ని అమాంతం ఎత్తుకున్నాడు. నడుం పట్టేసి ఆ తర్వాత కొన్నాళ్ళు మంచం దిగలేదు. అది వేరే సంగతి. దక్షిణాన పెద్ద నగరం జట్టువాళ్ళు వచ్చి థుయెన్‌ని అడిగారు. "మా అమ్మ చేసే జావ మీ దగ్గర దొరకదండీ" అని పంపేశాడు. మోకాలికి ఆపరేషన్ జరిగింది. ఇక ఇతని పని అయిపోయిందన్నారు. తర్వాతి సీజన్లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టింది అతనే. ఇప్పుడు ముప్పైకి వచ్చాడు. కాళ్ళలో ఇంకా ఆట ఉందని అతనికి తెలుసు. గోలు ముందు నిలబడితే బంతి తనకే వస్తుందని అతనికి ఏనాడూ అనుమానం లేదు.

సీజన్ మొదలైంది. మొదటి ఆట ఓడిపోయారు. రెండోది కూడా ఓడిపోయారు. ఫ్యాక్టరీలో తాతల నాటి పెద్ద జాడీ ఒకటి, నిండా నెత్తళ్ళ చేపలు మాగుతూ ఉన్నది, నిలువునా పగిలింది. క్వియెన్ గారికి పన్ను వాచి దవడ బొప్పాయిలా అయింది. ఇవన్నీ ఎవరి పద్దులో వెయ్యాలో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ తర్వాత నుంచి థుయెన్ బెంచీ మీదే. అతని చోటులో మార్సియో అని బ్రెజిల్ కుర్రాణ్ణి తెచ్చారు. తాడిచెట్టంత పొడుగు, మంచివాడు, కానీ అతనికి అందే ఎత్తులో బంతి వేసేవాడు జట్టులో లేడు.

కోచ్ టొవాన్ ఒకరోజు ప్రాక్టీసు అయ్యాక థుయెన్‌ని పక్కకి పిలిచాడు. మనసులో మాట దాచుకోలేని మనిషి. చెప్పే ముందు మాత్రం టోపీ తీసి, దులిపి, మళ్ళీ పెట్టుకుంటాడు.

"మాస్టారూ, నా ఆటలో తప్పేంటో చెప్పండి, దిద్దుకుంటాను" అన్నాడు థుయెన్.

"ఆటలో ఏం లేదురా. నువ్వు పుట్టిన ఏడాదిలో ఉంది."

"దాన్ని ప్రాక్టీసు చేసి బాగుచేసుకోడం కుదరదు కదండీ."

"ఎటకారాలాడకు. పగోడాకి వెళ్ళి దోషం తీయించుకో. పోనీ ఓ కోడిని పట్టుకెళ్ళి ఆయన కాళ్ళ మీద పడు. పోయేదేముంది."

"కోడి పోతుందండీ."

టొవాన్ టోపీ తీశాడు, దులిపాడు, పెట్టుకున్నాడు. "ఇది విను. కొండల్లో చిన్న లీగ్ జట్టు ఒకటి నిన్ను అడిగింది. సీజన్ సగానికి రాగానే నిన్ను అక్కడికి పంపెయ్యమన్నాడు ఆయన. అంటే ఇంకొక్క ఆట. అది అయ్యాక నువ్వు బస్సెక్కాలి."

థుయెన్ వంగాడు. బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. "అక్కడ ఫార్వర్డ్‌గానేనా?"

"వాళ్ళకి ఎడం వైపు వెనక నిలబడి అడ్డుకునే బ్యాక్ కావాలంట."

"బ్యాకా?"

"చలి ప్రదేశం. కాఫీ బావుంటుందంటారు."

"మాస్టారూ, గోలుకి వీపు పెట్టి నిలబడమంటే నాకు కాళ్ళు రావు. నేను వెళ్ళను."

"వెళ్ళనంటే ఆట మానెయ్యడమేరా. నిన్ను ఉంచుకోవాల్సింది ఆయన, నేను కాదు."

"అయితే ఆయనే ఉంచుకుంటాడు లెండి" అన్నాడు థుయెన్.  ఎలాగో అతనికీ తెలీదు. అది మాత్రం అతని మొహంలో ఎవరికీ కనపడదు.

అతని తల్లి న్యాన్‌కి బజారులో మలుగు చేప జావ కొట్టు ఉంది. పసుపు, మిరప, ఉల్లి వేసి వేయించిన మలుగు ముక్కలు జావ మీద వేసి ఇస్తుంది. పొద్దున్నే జట్టు కుర్రాళ్ళంతా అక్కడే తింటారు. మార్సియో కూడా కళ్ళమ్మట నీళ్ళు కారుస్తూ రెండేసి గిన్నెలు లాగిస్తాడు. ఇదివరకు థుయెన్ బజారులోంచి నడిచొస్తుంటే నాలుగు వైపుల నుంచీ పిలిచేవాళ్ళు. ఇప్పుడు బోణీ కాకముందు అతను కనపడితే మొహాలు తిప్పుకుంటున్నారు. గుడ్లమ్మే ఆవిడైతే కాగితం వెలిగించి బుట్ట చుట్టూ తిప్పి దిష్టి తీసుకుంటోంది. మర్నాడు పొద్దున అదే పని చేస్తూ న్యాన్ కంటపడింది.

"ఎవరికే ఆ మంట?" అంది న్యాన్, గరిటె పట్టుకునే ఇవతలికి వచ్చి.

"నీ కొడుకుని ఏమన్నాను న్యానక్కా. నిన్న సగం గుడ్లు చితికిపోయాయి. నా భయం నాది."

"గుడ్లు చితికింది నా కొడుకు చూపుకి కాదు. బుట్ట మీద నువ్వు కూలబడ్డావు, నేను చూశాను. బుట్టకి ముందు నీ వెనకాలకి తియ్యి దిష్టి."

చుట్టుపక్కల వాళ్ళు ఘొల్లుమన్నారు. గుడ్లావిడ కాగితం కాలి కింద వేసి ఆర్పేసింది. వెనకనుంచి ఎవడో కూలీ, "ఐరన్ లెగ్ వచ్చాడు, దారివ్వండి" అన్నాడు.

"ఇనుముది కాబట్టే ఇన్నేళ్ళు విరక్కుండా ఉంది అన్నా" అన్నాడు థుయెన్ వెనక్కి తిరక్కుండానే, కొట్టులోకి వచ్చి పీట మీద కూర్చుని. "అమ్మా, బోణీ నేనే. ఒక గిన్నె పెట్టు."

"రోజూ నీదేగా బోణీ. ఎండెక్కకముందే జావంతా అమ్ముడైపోయి కుండ అడుగు కనపడుతోంది. ఆ మాట ఒక్కళ్ళూ అనరు." జావ పోసి, మలుగు ముక్కలు ఇంకో గరిటె ఎక్కువ వేసి, ఎదురుగా కూర్చుంది. కొండల జట్టు సంగతి టొవాన్ భార్య ద్వారా ఆమె చెవిన పడనే పడింది. "ఒరే నాయనా, ఆ రోజు ఆయనింట్లో అసలేం జరిగిందో మొదట్నుంచీ చెప్పు. ఊళ్ళోవాళ్ళు చెప్పగా వినడమే గాని నువ్వు నోరిప్పి చెప్పింది లేదు."

థుయెన్ చెప్పాడు. నాచు రాళ్ళు, గేటు, పీఠం, తువ్వాలు అన్నీ చెప్పాడు.

"తువ్వాలు కూడానా. నీ బుర్రకి బంతి తప్ప ఇంకోటి ఎక్కదు కదా" అంది న్యాన్. ఆమెకి ఇలాంటివాటి మీద గట్టి నమ్మకం. కొడుకు మీదా అంతే గట్టి నమ్మకం. ఆ రెండూ ఎదురుబొదురైతే ఏం చెయ్యాలో తెలియక ఇన్నాళ్ళూ ఊరుకుంది. "సరే, తర్వాత? టీ ఇచ్చారా?"

"లేదు."

"అల్లం?"

"ఏమీ లేదమ్మా. బయటికి నడు అన్నాడు. వచ్చేశాను."

న్యాన్ గరిటె కింద పెట్టింది. "గడప దాటి లోపలికొచ్చిన మనిషిని, తొలి పాదం పెట్టినవాణ్ణి, చుక్క టీ పొయ్యకుండా తరిమాడా?"

"తరమడం అంటే..."

"తరమడం కాక ఇంకేంటి. వచ్చినవాడు పామో, పులో, పిల్లో, అది ఆయన చేతిలో లేదు. వచ్చాక టీ పొయ్యడం ఆయన చేతిలోనే ఉంది. నవ్వుతూ వెళ్ళాల్సిన మనిషి మొహం వేలాడేసుకుని గేటు దాటితే ఆ ఏడాది ఎలా ఉంటుంది? జాడీ పగలదా? పన్ను వాయదా?" ఆమె లేచి చేతులు దులుపుకుంది. "పద, నేనే అడుగుతాను ఆయన్ని."

థుయెన్ గిన్నెలో చెంచా కదపడం ఆపేశాడు. పండగ పొద్దున తనకి కష్టం కలిగింది ఎక్కడో అతనికి ఇప్పుడు తెలిసింది. పాము అన్నందుకు కాదు. ఇన్నేళ్ళు ఆయన జట్టుకి ఆడితే, ఆయన గుమ్మంలో ఒక కప్పు టీకి తను తగలేదు. అదే లోపల ముల్లులా ఉండిపోయింది.

"నువ్వు కూర్చో అమ్మా. గోలు ముందుకి నేనే వెళ్తాను" అన్నాడు. జావ మాత్రం అడుగు దాకా తిన్నాడు.

క్వియెన్ గారు ఫ్యాక్టరీ పెరట్లో జాడీల మధ్య తిరుగుతున్నాడు. దవడకి రుమాలు కట్టుకున్నాడు. జాడీ మూత తీసి చెంచాతో రసం రుచి చూడడం, పన్ను మండి మొహం ముడుచుకోవడం, మళ్ళీ పక్క జాడీ దగ్గరికి వెళ్ళడం. థొవా కాస్త దూరంలో కూర్చుని సీసాలకి మూతలు బిగిస్తోంది. థుయెన్ నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"నీకు చెప్పాల్సింది టొవాన్ చెప్పే ఉంటాడు" అన్నాడు క్వియెన్ గారు, చూపు జాడీలోంచి తియ్యకుండా.

"చెప్పాడండీ. నేను దానికి రాలేదు. ఆ రోజు తాగాల్సిన టీ ఉండిపోయింది, తాగుదామని వచ్చాను."

"ఏ రోజు?"

"పండగ నాడు. తొలి పాదం నాదే కదండీ. మీరే ఊరంతా చెప్పారు. తొలి పాదం పెట్టినవాడికి టీ పోస్తారు, అల్లం పెడతారు, నవ్వించి పంపుతారు. నాకు మూడూ జరగలేదు."

మూతలు బిగించే చప్పుడు ఆగిపోయింది.

"అంటే ఏంట్రా, తప్పు నాదంటావా?"

"తప్పెవరిదో తేల్చడానికి రాలేదు బాబాయ్ గారూ. బంతి నాది, గేటు మీది. కానీ ఈ ఏడాది మీ ఇంటికి నా పాదంతో మొదలైంది. మీకు ఇష్టం ఉన్నా లేకపోయినా మొదలైంది. ఇప్పుడు దాన్ని మార్చడం మీ వల్లా కాదు, నా వల్లా కాదు. ఆటలోనూ అంతే. ఈల వేశాక, నా జట్టు నచ్చలేదు మళ్ళీ మొదట్నుంచి ఆడదాం అంటే ఎవరూ ఒప్పుకోరు. మైదానంలో ఉన్నవాళ్ళతోనే గెలవాలి. నన్ను కొండల్లోకి పంపితే మీ ఏడాదిని సగంలో బయటికి గెంటినట్టే. ఆ తర్వాత ఇంకేం పగుల్తాయో నాకు తెలీదు."

"బెదిరిస్తున్నావా?"

"లేదండీ. టీ అడుగుతున్నాను."

క్వియెన్ గారు చెంచా ఎత్తి ఏదో అనబోయాడు. థొవా అందుకుంది.

"వాడు చెప్పేది నిజమే. ఆ రోజు కెటిల్ నా చేతిలోనే ఉంది. పొయ్యబోయాను. మీరు వాణ్ణి బయటికి నడవమన్నారు. కాచిన టీ కాచినట్టే చల్లారిపోయింది. అప్పట్నుంచీ నాకు మనసులో పీకుతూనే ఉంది."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మీరు ఎవర్ని చెప్పనిచ్చారు? పాము పాము అంటూ ఊరంతా తిరిగారు. అరవై ఏళ్ళొచ్చాయి, ఇంటికొచ్చిన పిల్లాడికి టీ పొయ్యాలని ఇంకా నేను చెప్పాలా?"

క్వియెన్ గారు తిరగబడి మాట్లాడబోయాడు గాని పన్ను సలిపింది. దవడ పట్టుకుని ఒక బోర్లించిన జాడీ మీద కూర్చున్నాడు. తలకాయ వంచుకుని చాలాసేపు చెంచాని చూస్తూ ఉన్నాడు. వర్షంలో ఈ మనిషిని ఎత్తుకున్న సంగతి గుర్తొచ్చిందో, పగిలిన జాడీ గుర్తొచ్చిందో, అది ఆయనకే తెలియాలి.

"పొయ్యవే" అన్నాడు చివరికి.

థొవా వంటపాకలోంచి పచ్చి టీ ఆకుల కషాయం తెచ్చింది. ఫ్యాక్టరీ కూలీలు తాగేది, చేదుగా, చిక్కగా ఉంటుంది. ఒక సీసా అడుగున పండగప్పటి అల్లం ముక్కలు రెండు మిగిలి ఉంటే అవీ తెచ్చింది. క్వియెన్ గారు లేచి నిలబడి, రెండు చేతులతో కప్పు పట్టుకుని ఇచ్చాడు. థుయెన్ రెండు చేతులతో అందుకున్నాడు. తాగాడు. అల్లం నమిలాడు. 

"ఇంక నవ్వుతూ వెళ్ళాలండీ నేను" అన్నాడు థుయెన్ కప్పు తిరిగిస్తూ. "నవ్వొచ్చే మాటేదైనా చెప్పండి."

"నా మొహం చూసి నవ్వుకో."

"పెద్దవాళ్ళని చూసి నవ్వకూడదు కదండీ."

"అయితే ఇది విను. ఎల్లుండి ఆటలో ఆఖరి ఇరవై నిమిషాలు నిన్ను దించమంటాను. గోలు కొట్టావా, ఉంటావు. లేదంటే కొండలే."

థుయెన్‌కి నిజంగానే నవ్వొచ్చింది. "ఇరవై నిమిషాలా? మిగతా టైంలో ఏం చెయ్యమంటారు?" అని నవ్వుతూనే గేటు దాటాడు. వెనకనుంచి థొవా, "నవ్వాడు, చూశారుగా" అనడం వినపడింది.

ఆట రోజు లావోస్ కొండల మీంచి వేడిగాలి మొదలైంది. ఆ గాలి వీచిందంటే నీళ్ళు తాగిన గొంతు మింగేలోపే ఎండిపోతుంది. డెల్టా నుంచి వచ్చిన జట్టువాళ్ళకి అది అలవాటు లేదు. అయినా గట్టివాళ్ళు. హాఫ్‌టైమ్ దాకా ఎవరికీ గోలు లేదు. ఆ తర్వాతా లేదు. మార్సియో ఎగిరిన ప్రతిసారీ బంతి అతని నెత్తి మీంచి పోతోంది. జనం డోళ్ళు వాయించి వాయించి విసిగిపోయారు.

ఆఖరి ఇరవై నిమిషాలు ఉందనగా థుయెన్ దిగడానికి గీత దగ్గర నిలబడగానే స్టేడియంలో గోల మొదలైంది. సగం మంది చప్పట్లు, సగం మంది ఈలలు. పై మెట్ల మీద ఎవరో కాగితం వెలిగించారు. పక్కనే గట్టిగా ఆడగొంతు ఒకటి, "కాల్చుకోండి, మీ జుట్టే అంటుకుంటుంది" అని అరిచింది. ఆ గొంతు ఎవరిదో థుయెన్‌కి చూడకుండానే తెలుసు.

"ఏం తొందరపడకు" అన్నాడు టొవాన్.

"నేనెప్పుడు తొందరపడ్డానండీ" అని మైదానంలోకి దిగాడు.

దిగిన కాసేపటికే బంతి వచ్చింది. కుడి వైపు నుంచి నేల మీద దొర్లుకుంటూ, సరిగ్గా కాలి ముందుకి. గోల్‌కీపరు పక్కకి పడి ఉన్నాడు. గోలు ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది. థుయెన్ కొట్టాడు. బంతి అడ్డకర్ర మీంచి పోయి డోలు వాయించేవాడి ఒళ్ళో పడింది.

స్టేడియం అంతా ఒక్కసారి ఉస్సూరుమంది. టొవాన్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. మార్సియో రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. థుయెన్ మాత్రం గడ్డిలో రేగిన చోటు బూటుతో అణిచి, మళ్ళీ తన చోటులోకి వెళ్ళి నిలబడ్డాడు. తప్పిపోయిన బంతి గురించి ఏడ్చేవాడు ఇంకేదైనా పని చూసుకోవాలి. ఫార్వర్డ్‌కి కావాల్సింది రాబోయే బంతి. "మార్సియో, మళ్ళీ నాకే" అని చేత్తో సైగ చేశాడు.

తనని కాపలా కాస్తున్న డిఫెండర్ని చూశాడు. నిలువెత్తు మనిషి, ఆట మొదలైనప్పుడు గోడలా ఉన్నాడు. ఇప్పుడు నోటితో గాలి పీలుస్తున్నాడు. ఆట ఆగినప్పుడల్లా మోకాళ్ళ మీద చేతులు పెడుతున్నాడు. థుయెన్ అతన్ని నిలవనివ్వలేదు. బంతి ఎక్కడో ఉన్నా సరే అటు ఒక పరుగు, ఇటు ఒక పరుగు. వెళ్ళడం, ఆగడం, మళ్ళీ వెళ్ళడం. ఆ మనిషి ప్రతిసారీ వెంటపడుతున్నాడు, ప్రతిసారీ కాస్త ఆలస్యంగా.

"ఎందుకన్నా ఊరికే పరుగెత్తిస్తావు, బంతే లేదుగా" అన్నాడా డిఫెండరు రొప్పుతూ.

"వస్తుంది తమ్ముడూ. నువ్వు కూడా రా, చూద్దువుగాని."

టైం అయిపోవచ్చింది. మధ్యలోంచి ఎవరో గుడ్డిగా పైకి కొట్టారు. వేడిగాలి ఆ బంతిని కిందకి అణిచేసింది, అందుకని మొదటిసారిగా అది మార్సియో తలకి అందింది. అతను తల అడ్డం పెట్టి బంతిని గోలు ముందుకి దింపాడు. డిఫెండరు అటు తిరిగేలోపు థుయెన్ అతని వెనకనుంచి వెళ్ళిపోయాడు. కొట్టాడు. గోల్‌కీపరు ఛాతీ మీద పడి బంతి వెనక్కి వచ్చింది. వచ్చి థుయెన్ మోకాలి కింద ఎముకకి తగిలింది. తగిలి, మెల్లగా, నాలుగడుగులు దొర్లి, గీత దాటింది.

అందమైన గోలు కాదు. డోలు వాయించేవాడు కూడా ముందు నమ్మలేదు. తర్వాత స్టేడియం దద్దరిల్లిపోయింది. మార్సియో వచ్చి థుయెన్‌ని చంటిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తాడు. మిగిలిన కాస్త టైమూ డెల్టా వాళ్ళు బంతి పట్టుకోలేకపోయారు. ఎందుకంటే అది ఎక్కువసేపు థుయెన్ కాళ్ళ దగ్గరే ఉంది.

ఆట అయ్యాక బట్టలు మార్చుకునే గదిలో టొవాన్ వచ్చి అతని పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. టోపీకి అంటిన మట్టి దులుపుకుంటున్నాడు.

"ఛైర్మన్ గారు కిందకి వచ్చారు. దవడ నొప్పి, మాట సరిగ్గా రావడం లేదు. కొండల వాళ్ళకి ఇంకెవర్నైనా చూసుకోమని చెప్పమన్నారు."

"సరేనండీ."

"సరేనండీ ఏంట్రా. కాస్త సంతోషపడు. ఉంచుకున్నాడు నిన్ను."

"ఉంచుకుంటాడని చెప్పానుగా." థుయెన్ కాలికి చుట్టిన పట్టీ విప్పుతున్నాడు. ఎముక మీద బంతి తగిలిన చోట ఎర్రగా కమిలింది. దాన్ని వేలితో నొక్కి చూసుకున్నాడు. "మాస్టారూ, వచ్చే ఆటలో ఎప్పుడు దించుతారు?"

"ఈసారిలాగే. ఆఖర్లో. ముప్పై వచ్చిన కాళ్ళురా అవి, జాగ్రత్తగా వాడుకోవాలి."

"కుదరదండీ. మొదట్నుంచీ ఆడతాను. మార్సియో పక్కన."

"ఛైర్మన్ గారిని అడగాలి."

"అడగొద్దు. చెప్పండి చాలు."

టొవాన్ టోపీ పెట్టుకుని అతని వైపు చూశాడు. నవ్వుతున్నాడేమో అని చూశాడు. నవ్వడం లేదు. "ఖాళీ గోలు పోగొట్టావు ఇవాళ, గుర్తుందా?"

"అది ఇరవై నిమిషాల్లో పోగొట్టింది" అన్నాడు థుయెన్. "తొంభై ఇస్తే పోగొట్టేవి ఇంకా చాలా ఉంటాయి. కొట్టేవీ ఉంటాయి. రేపు ప్రాక్టీసు ఎన్నింటికి?"